వేరులో కాపురం పెట్టే నులిపురుగు

(గుంటూరులో మిరప, కూరగాయల రైతులు, నర్సరీ నడిపేవాళ్ళు, వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు కూర్చున్న సభలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నలతో సహా.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడుంది కదా, కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

ఉపన్యాసం తర్వాత, ముందు ఈ రెండు ట్రేలు చూడండి. ఒకదాంట్లో మినుము మొక్క, రెండోదాంట్లో బెండ మొక్క. మట్టి కడిగి తెచ్చాను. రెండింటి వేళ్ళకూ బుడిపెలున్నాయి. ముందు వరస వాళ్ళు చేత్తో పట్టుకుని చూసి వెనక్కి పంపండి. మినుము వేరు మీది బుడిపెను బొటనవేలి గోటితో పక్కకు నెట్టండి. వచ్చేసిందా? వస్తుంది, అది వేరుకు ఒక పక్కన అతుక్కుని ఉంటుందంతే. గోటి మధ్య నలపండి, లోపల లేత ఎరుపు కనపడుతుంది. అందులో రైజోబియం బ్యాక్టీరియా ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు పెడుతోంది. దాన్ని చూసి సంతోషించాలి. ఇప్పుడు బెండ వేరు. నెట్టండి. రాదు. గట్టిగా లాగితే వేరు తెగుతుంది కానీ బుడిపె ఊడదు. ఎందుకు ఊడదంటే, అది బయటి నుంచి వచ్చి అతుక్కున్నది కాదు, వేరు తానే లోపలి నుంచి ఉబ్బింది. ఈ రెండో బుడిపె గురించే ఇవాళ మాట.

దీని లోపల ఉండేది వేరుబుడిపె నులిపురుగు. శాస్త్రం పేరు మెలాయిడోగైనె ఇన్‌కాగ్నిటా. వేడి దేశాల పురుగు. నేల పాతిక నుంచి ముప్ఫై డిగ్రీల మధ్య ఉంటే దానికి పండగ. ఆ వేడిలో గుడ్డు నుంచి మళ్ళీ గుడ్డు దాకా నెల రోజుల లోపే తిరిగొస్తుంది. మిరప పంట కాలం ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. నారు నాటిన దగ్గర్నుంచి ఆఖరి కోత లోపల ఎన్ని తరాలు అవుతాయో లెక్కేసుకోండి.

నులిపురుగు అనగానే పిల్లల కడుపులోది గుర్తొస్తుంది. అదీ ఇదీ ఒకే పెద్ద కుటుంబం. ఈ కుటుంబంలో చాలామంది మనకు ఏ హానీ చేయరు. నేలలో బ్యాక్టీరియాను, బూజును తింటూ వాళ్ళ బతుకు వాళ్ళు బతుకుతారు. జీవశాస్త్రవేత్త సిడ్నీ బ్రెన్నర్ గారు ప్రయోగశాలలో పెంచి 2002లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి తెచ్చుకున్నది అలాంటి ఒక సాధు జాతి మీదే. భూమ్మీద జంతువులను తలకాయల లెక్కన ఎంచితే అయిదింటిలో నాలుగు నులిపురుగులే ఉంటాయని అంచనా. మొక్కల వేళ్ళ మీద పడేవి అందులో కొన్నే, ఆ కొన్నింటిలో పెద్ద దొంగ ఇది.

ఇక కథ గుడ్డు దగ్గర మొదలుపెడదాం. గుడ్డు లోపలే పిల్ల ఒకసారి కుబుసం విడుస్తుంది. తడి, వెచ్చదనం ఉంటే గుడ్డు పగిలి బయటికొస్తుంది. అప్పటికి దాని పొడవు సుమారు 0.4 మిల్లీమీటరు. రంగు లేదు, మట్టిలో కంటికి ఆనదు. బయటికొచ్చిన ఈ పిల్ల మట్టిలో ఏమీ తినదు. తల్లి గుడ్డులో పెట్టిచ్చిన కొవ్వు మీదే బతుకుతూ వేరు కోసం వెతుక్కోవాలి. కొవ్వు అయిపోయేలోపు వేరు దొరక్కపోతే చస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. వేరు విడిచే వాసనలు, బొగ్గుపులుసు వాయువు పట్టుకుని మట్టి రేణువుల మధ్య నీటి పొరలో ఈదుకుంటూ పోతుంది.

వేరు దొరికింది. నోట్లో సూది ఉంటుంది, లోపల బోలుగా ఉండే సూది. వేరు కొనకు కొంచెం వెనకగా, లేతగా సాగుతున్న చోట ఆ సూదితో పొడిచి, గోడలను కరిగించే రసాలు వదులుతూ దూరుతుంది. ఈ రసాల మాట వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. మొక్క కణం గోడలో సెల్యులోజు ఉంటుంది. దాన్ని సొంతంగా కరిగించుకునే శక్తి జంతువుల్లో చాలావాటికి లేదు. గేదె కూడా పొట్టలోని సూక్ష్మజీవుల చేత చేయించుకోవాల్సిందే. ఈ పురుగుకు మాత్రం సొంత జన్యువులే ఉన్నాయి. 2008లో ఫ్రాన్సు శాస్త్రవేత్తల నాయకత్వంలో దీని జన్యుపటం మొత్తం చదివారు. చూస్తే, ఈ కరిగించే జన్యువులు బ్యాక్టీరియా జన్యువులతో కలుస్తున్నాయి. ఎప్పుడో పూర్వకాలంలో బ్యాక్టీరియా నుంచి దీని వంశంలోకి వచ్చి ఉండాలి. దొంగతనానికి పనిముట్లు కూడా దొంగిలించి తెచ్చుకుందన్నమాట!

దూరాక అది చేసే పని చూడండి. ఒక్క కణాన్ని కూడా చంపదు. కణాల మధ్య సందుల్లోంచి పాకుతుంది. ముందు కిందికి, వేరు కొన దాకా వెళ్తుంది. అక్కడ వెనక్కి తిరిగి, నీళ్ళూ తిండీ మోసే నాళాలుండే మధ్య స్తంభంలోకి ఎక్కుతుంది. నేరుగా అడ్డంగా పోవచ్చు కదా అంటారేమో. పోలేదు. మధ్య స్తంభం చుట్టూ మైనం పట్టిన గట్టి పొర ఉంటుంది. ఆ పొర ఇంకా తయారవని చోటు వేరు కొన ఒక్కటే. అందుకని చుట్టు తిరిగి అక్కణ్ణుంచి వెళ్తుంది. అంత చిన్న ప్రాణికి ఆ దారి ఎవరు చెప్పారో!

నాళాల పక్కన అయిదు నుంచి ఏడు కణాలను ఎంచుకుని, సూదితో కొంచెం కొంచెం రసం ఎక్కిస్తుంది. అంతే, ఆ కణాల నడత మారిపోతుంది. మామూలు కణంలో ఒక కేంద్రకం ఉంటుంది, కణం చీలితే కేంద్రకమూ చీలుతుంది. ఇక్కడ కేంద్రకాలు చీలుతూనే ఉంటాయి, కణం మాత్రం చీలదు. ఒక్కో కణంలో వందదాకా కేంద్రకాలు చేరి, కణం వందల రెట్లు ఉబ్బుతుంది. మహాకణాలు అంటాం వీటిని. పక్కనున్న కణాలు కూడా చీలి పెరుగుతాయి, వేరు ఉబ్బుతుంది. మీ చేతిలో ఉన్న బుడిపె అదే. ఆకు తయారుచేసిన చక్కెర కాయకు పోవలసింది ఈ మహాకణాలకు పోతుంది. ఇల్లరికం వచ్చిన అల్లుడు చూడండి, దొంగతనం చేయడు, తలుపు బద్దలు కొట్టడు. అత్తగారే వండి పెడుతుంటే కూర్చుని తింటాడు. (నవ్వులు) నవ్వకండి, ఇది కూడా అంతే. మొక్క చేతే వండించుకుంటుంది.

ఒకసారి తినడం మొదలుపెట్టాక ఇక కదలదు. కదిలే కండరాలే కరిగిపోతాయి. ఇంకో మూడుసార్లు కుబుసం విడిచి ఆడపురుగు అవుతుంది. అడుగు గుండ్రంగా, మెడ సన్నగా, ముత్యం తెలుపు. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు లోపు. బుడిపెను బ్లేడుతో జాగ్రత్తగా చీలిస్తే మామూలు భూతద్దంలోనే కనపడుతుంది. వెనక వైపు నుంచి జిగురు వదిలి అందులో గుడ్లు పెడుతుంది, ఒక్కోటి మూడు నాలుగు వందలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ జిగురు ముద్ద వేరు పైకి పొడుచుకొచ్చి కొన్నాళ్ళకు గోధుమ రంగుకు తిరుగుతుంది. జిగురు ఎందుకంటే, నేల ఎండినా లోపలి గుడ్లకు తడి ఆరకుండా.

మగవి ఉండవా అని అమ్మాయి అడుగుతోంది. ఉంటాయమ్మా. సన్నగా పొడుగ్గా ఉండి వేరు వదిలి బయటికి పోతాయి. కానీ ఈ జాతిలో వాటితో పని లేదు. ఆడది తనంతట తానే గుడ్లు పెడుతుంది, పిల్లలన్నీ తల్లి అచ్చు. ఒక వేరు మీద జనం ఎక్కువై తిండి చాలకపోతే అప్పుడు మగవి ఎక్కువ పుడతాయి. మగదానికి కూర్చుని తినే పని ఉండదు కాబట్టి వేరు మీద బరువు తగ్గుతుంది. ఆడదానికి మగదాని అవసరం లేకపోవడం మనకు మంచిది కాదు. ఒక్క పిల్ల, ఒకే ఒక్కటి, నారు వెంట మీ చేలోకి వస్తే చాలు, అదే వంశకర్త.

ఇంతకీ దీనికి ఈ పేరు ఎలా వచ్చిందో చెప్పనా? మొక్కల శాస్త్రంలో కాదు, మనుషుల వైద్యంలో వచ్చింది. 1919లో కోఫోయిడ్, వైట్ అనే ఇద్దరు అమెరికా సైనికుల మలం పరీక్షిస్తూ కొత్త రకం గుడ్లు చూశారు. మనుషుల్లో ఇంతవరకూ తెలియని నులిపురుగు దొరికిందనుకుని, పిల్లల నులిపురుగు ప్రజాతిలో వేసి పేరు పెట్టారు. కొన్నేళ్ళకు, 1923లో శాండ్‌గ్రౌండ్ అనే ఆయన అసలు సంగతి తేల్చాడు. సైనికులు తిన్న కూరగాయల వేళ్ళలో ఉన్న మొక్కల పురుగు గుడ్లు అవి! కడుపులోంచి ఊరికే దాటిపోయాయి, మనిషికి జబ్బేమీ చేయలేదు. 1949లో చిట్‌వుడ్ అనే శాస్త్రవేత్త ఈ జాతులన్నింటినీ విడదీసినప్పుడు ఆ పేరులో సగం, అంటే 'తెలియనిది' అనే అర్థమున్న ఇన్‌కాగ్నిటా, అలాగే ఉండిపోయింది. బుడిపెలను అంతకుముందే, 1855లో బర్క్‌లీ అనే ఆయన ఇంగ్లండులో గాజు ఇంట్లో పెంచిన దోస వేళ్ళ మీద చూశాడు. మన దేశంలో మొదట రాసిపెట్టింది 1901లో, దక్షిణాది తేయాకు తోటలో, బార్బర్ అనే ఆయన.

ఇది విద్యార్థులకు చెబుతున్నాను, కానీ రైతులూ వినండి, మీ పంటలే. ఈ ప్రజాతిలో చాలా జాతులున్నాయి. మన దగ్గర ఇన్‌కాగ్నిటా, జవానికా, అరెనేరియా ముఖ్యమైనవి, వరిలో గ్రామినికోలా వేరే. బుడిపె చూసి ఏ జాతో చెప్పలేం. సూక్ష్మదర్శిని కింద ఆడపురుగు వెనక భాగాన్ని కోసి, చర్మం మీది గీతలు చూడాలి. ఇన్‌కాగ్నిటాలో పై గీతలు ఎత్తుగా, చదరంగా వంపు తిరిగి ఉంటాయి. ఇదికాక మొక్కల మీద పరీక్ష ఉంది. అమెరికాలో నార్త్ కరోలినా వాళ్ళు తయారుచేశారు. ఆరు మొక్కలు: పత్తి, పొగాకు, మిరప జాతి బుట్టమిరప, పుచ్చ, వేరుశనగ, టమాటా. గుంటూరు, బాపట్ల రైతు పొలాల జాబితాలా లేదూ! ఇన్‌కాగ్నిటాలో నాలుగు తెగలు, అవి పత్తి, పొగాకు మీద తేలతాయి. ఆ పరీక్షకు పెట్టిన పత్తి మీదికి మూడో తెగ, నాలుగో తెగ వస్తాయి, పొగాకు మీదికి రెండోది, నాలుగోది వస్తాయి. బుట్టమిరప, పుచ్చ, టమాటాలను నాలుగు తెగలూ తింటాయి. వేరుశనగను ఒక్కటీ తినదు.

అంటే బాపట్ల వైపు ఇసుక నేలల్లో కూరగాయలు దెబ్బతిన్న చోట వేరుశనగ వేస్తే సరిపోతుందా? ఇన్‌కాగ్నిటా ఒక్కటే ఉంటే సరిపోతుంది. అరెనేరియా కూడా ఉంటే, దానిలో వేరుశనగను తినే తెగ ఉంది, మీరు దానికి విందు పెట్టినట్టే. అందుకే పరీక్ష చేయించకుండా పంట మార్చమని నేను ఎవరికీ చెప్పను. చేయించేటప్పుడు మట్టి ఒక్కటే తేకండి, పంట చివరికొచ్చినప్పుడు చేలో అయిదారు చోట్ల మట్టి, వేళ్ళు కలిపి పాలిథీన్ సంచిలో వేసి, ఎండ తగలకుండా తెండి. ఎండిన మట్టిలో పురుగు కనపడదు, మీకు లేదని చీటీ ఇస్తారు.

ఇక చేలో ఎలా పట్టుకోవాలి. మిరపలో బుడిపెలు బెండలో లాగా ఇంత లావు రావు, చిన్నవి. అందుకని చాలామందికి కనపడవు. చేను మొత్తం ఒకేసారి దెబ్బతినదు, అక్కడక్కడా మచ్చలుగా గిడసబారుతుంది. తడి ఉన్నా మధ్యాహ్నం తల వాలేసి సాయంత్రానికి తేరుకుంటుంది. ఆకులు పాలిపోతాయి. రైతు ఏం చేస్తాడు? ఎరువు చాల్లేదనుకుని యూరియా వేస్తాడు, ఇంకో తడి పెడతాడు. దుకాణం ఆయన ఒక టానిక్ ఇస్తాడు. వేరు పీకి చూసేవాళ్ళు తక్కువ. పీకేటప్పుడు కూడా గుంజకండి, సన్నవేళ్ళు నేలలో ఉండిపోతాయి, పురుగు అక్కడే ఉంటుంది. పారతో పెళ్ళగించి, బకెట్ నీళ్ళలో జాడించి చూడాలి.

ఇంకో ప్రమాదం ఉంది. పురుగు దూరిన వేరు ఎండు తెగులు బూజుకు, టమాటా, వంగలో బ్యాక్టీరియా వడలు తెగులుకు సులువుగా లొంగుతుంది. తెగులును తట్టుకుంటుందని కొన్న రకం కూడా పురుగు ఉన్న చేలో పడిపోవచ్చు. విత్తనం మోసం అనుకుని గొడవ పెట్టుకునే ముందు వేరు చూడండి.

వెనక నుంచి ఏదో అడుగుతున్నారు... గుళికలు వేస్తే పోదా అంటున్నారు బాబాయి గారు. మీరు అడగాల్సిందే అడిగారు. మొక్క నిలదొక్కుకున్నాక, పురుగు వేరు లోపల కూర్చున్నాక, పైన వేసిన గుళిక దానికి అందేది తక్కువ. గుడ్లకు జిగురు అడ్డం. మందు పనిచేసేది పిల్లలు మట్టిలో తిరుగుతున్నప్పుడే, అంటే నాటడానికి ముందూ నాటిన కొత్తల్లోనూ. ఫోరేట్ గుళికలు 2020 ఆఖరు నుంచి మన దేశంలో నిషేధం, ఎవరైనా పాత సంచి ఇస్తే తీసుకోకండి. కొత్త మందులు కొన్ని వచ్చాయి, ఖరీదెక్కువ. మీ పంటకు అనుమతి ఉందో లేదో డబ్బా మీద చూసి కొనండి. మిరప మనం బయటి దేశాలకు పంపే సరుకు, అవశేషాలు తేలితే లోడు వెనక్కి వస్తుంది.

నా దృష్టిలో ఈ పురుగుతో యుద్ధం చేలో కాదు, నారుమడి దగ్గర. పురుగు తనంతట తాను ఒక పంటకాలంలో పోగలిగేది మహా అయితే మీటరు. మరి ఊళ్ళు దాటి ఎలా వస్తోంది? మన నారుతో, మన ట్రాక్టరు చక్రాలకు అంటిన మట్టితో, కాలవ నీళ్ళతో. పసుపులో విత్తన కొమ్ముతో, అరటిలో పిలకతో. జామలో ఎంటెరొలోబి అనే ఇంకా మొండి జాతి తమిళనాడులో బయటపడింది. అది నర్సరీ మొక్కలతోనే పాకుతోంది. జామ అంటు కొనేటప్పుడు సంచి చింపి వేరు చూపించమని అడగండి. చూపించనంటే కొనకండి. నర్సరీ వాళ్ళు ఇక్కడే ఉన్నారు, కోపం తెచ్చుకోకండి. ప్రోట్రేలో, అంటే గుంటలున్న నారు ట్రేలో, కొబ్బరి పొట్టుతో పెంచేవాళ్ళకు ఈ బెడద తక్కువే, కానీ ట్రేలను నేల మీద పెడితే కింది రంధ్రాల్లోంచి వేరు మట్టిలోకి దిగుతుంది, పురుగు పైకి ఎక్కుతుంది. ఎత్తు బల్ల మీద పెట్టండి.

నేల మీద నారుమడి పోసేవాళ్ళకు మన మే నెల ఎండ పెద్ద వరం. మడి దున్ని, తడిపి, పల్చటి, అవతలికి కనపడే పారదర్శక పాలిథీన్ కాగితం పరిచి, అంచులు మట్టితో కప్పేసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల కాగితం వద్దు. పారదర్శకమైతే ఎండ లోపలికి దిగి, కింద తడి నేల ఉడుకుతుంది. పొడి నేల మీద పరిస్తే ఉపయోగం తక్కువ. పెద్ద చేలో కాగితం పరవలేం కాబట్టి వేసవి లోతు దుక్కులు. ఇందాక కొవ్వు సంగతి చెప్పాను కదా. ఎండకు మట్టి వేడెక్కితే పిల్లపురుగు కొవ్వు తొందరగా కరిగిపోతుంది. వేరు లేక చస్తుంది. అయితే దున్ని వదిలేసిన చేలో కామంచి, అడవి తోటకూర మొలవనిచ్చారంటే మొత్తం శ్రమ వృథా. ఆ రెండూ దానికి మంచి భోజనం.

కాలవ కింద వాళ్ళు వరి వేస్తే ఇన్‌కాగ్నిటా బాగా తగ్గుతుంది, నిలవ నీరు దానికి పడదు. బంతి కూడా మంచిదే. అయితే గట్టు మీద నాలుగు బంతి మొక్కలు పెట్టి పురుగు పోయిందనుకుంటే లాభం లేదు. బంతి వేరులో ఉండే ఆల్ఫా టెర్తియనిల్ అనే పదార్థం ఆ వేరు దగ్గరికి వచ్చిన పురుగు మీదే పనిచేస్తుంది. చేనంతా ఒక పంటగా వేయాలి. ప్రతిఘటన రకాలు అంటారా, టమాటాలో మై అనే జన్యువు ఉంది, అడవి టమాటా నుంచి 1940లలో తెచ్చారు. ఇప్పటికీ గొప్పదే. కానీ నేల 28 డిగ్రీలు దాటితే అది చేతులెత్తేస్తుంది. మన దగ్గర ఎన్ని నెలలు అంతకంటే చల్లగా ఉంటుందో మీకే తెలుసు.

జీవ నియంత్రణలో నాకు ఎంతో ఇష్టమైనది పాశ్చూరియా పెనెట్రాన్స్ అనే బ్యాక్టీరియా. దాని బీజాలు పిల్లపురుగు చర్మానికి అంటుకుంటాయి. పురుగు యథాప్రకారం వేరులోకి వెళ్ళి, పెరిగి పెద్దదవుతుంది. కానీ గుడ్లు పెట్టదు, ఒళ్ళంతా బ్యాక్టీరియా బీజాలే, ఇరవై లక్షల దాకా. చిక్కేమిటంటే పురుగు లేకుండా దాన్ని పెంచడం కష్టం, అందుకే బజారులో విరివిగా దొరకదు. దొరికేది పర్‌ప్యూరియోసిలియం అనే బూజు, పాత పేరు పాసిలోమైసిస్. గుడ్లను తింటుంది. దాన్ని మాగిన పశువుల ఎరువు, వేపపిండిలో కలిపి, నీడన తడి ఆరకుండా పెట్టి వృద్ధి చేసి వేయాలి. పొడి ప్యాకెట్టు నేరుగా డ్రిప్పులో వదిలి, మర్నాడు బూజు మందు పోస్తే డబ్బులు పారబోసుకున్నట్టే.

ఆ, చెప్పండమ్మా... బెండ పీకేశాక అదే చేలో మిరప నారు వేయొచ్చా అంటున్నారు. బెండ వేళ్ళు చూశారా? ఇందాకటి ట్రేలో లాగా ఉన్నాయా? అయితే ఈ ఏడు వద్దు. నీళ్ళున్నాయా మీకు? ఉంటే వరి వేయండి. లేదంటే చేను దున్ని కలుపు లేకుండా ఎండనివ్వండి. ముఖ్యంగా బెండ మోళ్ళను దున్నేసి అక్కడే కలిపేయకండి. వేళ్ళతో సహా తవ్వి, గట్టు మీద ఎండబెట్టి కాల్చేయండి. ఒక్కో వేరులో ఎన్ని గుడ్లుంటాయో చెప్పాను కదా. పశువుల పెంటలో మాత్రం వేయొద్దు, సరిగ్గా మాగకపోతే ఆ ఎరువుతోనే మళ్ళీ చేలోకి మోస్తారు.